అరకు లోయ తోటలు, జలపాతాలు, అడవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అరకు దారిలో కనిపించే పచ్చదనమంతా అడవే అనుకుంటారు చాలామంది. అందులో చాలా భాగం ఎవరో ఒకరి కాఫీ తోట, వలిసె (పసుపు పూల నూనెగింజ పంట) చేను, ఊరి మెట్ట. మిగిలింది అటవీ శాఖ చేతిలో ఉన్న రిజర్వు అడవి. ఈ తేడా తెలియకే సగం సందేహాలు, సగం గొడవలు పుడుతున్నాయి. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ప్రయాణం సాగే వరుసలో పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

అరకు ఇప్పుడు ఏ జిల్లాలో ఉంది? విశాఖ నుంచి ఎంత దూరం?

2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. జిల్లా కేంద్రం పాడేరు. అంతకుముందు విశాఖపట్నం జిల్లా కాబట్టి పాత బోర్డుల మీద ఇంకా ఆ పేరే కనిపిస్తుంది. విశాఖ నుంచి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది కాబట్టి ఎక్కడా ఆగకపోయినా మూడున్నర గంటలు పడుతుంది. లోయ సముద్రమట్టానికి సుమారు 910 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చిటమోగొండి కొండలు.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఏం చూడాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. వలిసె పూలకు నవంబరు. పొద్దున్నే మంచు, మేఘాలకు నవంబరు నుంచి జనవరి. జలపాతాలు నిండుగా కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు. కాఫీ పూలకు మార్చి, ఏప్రిల్, అదీ వాన పడితేనే. జూలై, ఆగస్టుల్లో లోయ పచ్చగా కళ్లు చెదిరేలా ఉంటుంది గానీ కొండచరియలు పడి రోడ్డో రైలో ఆగిపోయే అవకాశం ఎక్కువ. మే నెలలో జలపాతాలు సన్నబడి, గెడ్డలు (కొండవాగులు) ఎండుతాయి. వాటి కోసమే అయితే వేసవిలో రావడం దండగ.

డిసెంబరు చివరి వారం, సంక్రాంతి సెలవులు మాత్రం తప్పించుకోండి. అప్పుడు ఘాట్‌లో బండ్ల తోకలు తప్ప కొండలు కనిపించవు.

చలి నిజంగా అంత ఉంటుందా? స్వెట్టర్ చాలా?

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అందువల్ల విశాఖలో కంటే అరకులో ఎప్పుడైనా ఐదారు డిగ్రీలు తక్కువే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. మధ్యాహ్నం ఎండ మాత్రం చురుక్కుమంటుంది. కాబట్టి ఒక్క మందపాటి జాకెట్టు కంటే విప్పుకుంటూ పోగలిగే రెండు మూడు పొరలు మేలు. తెల్లవారుజామున వ్యూపాయింట్లకు వెళ్లేవాళ్లకు చెవులు కప్పే టోపీ తప్పనిసరి. అక్కడ చలి కంటే గాలి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

బొర్రా, అరకు, వంజంగి, లంబసింగి అన్నీ ఒక్కరోజులో చూసేయొచ్చా?

కుదరదు. బొర్రా గుహలు అరకుకు సుమారు 35 కిలోమీటర్ల ముందే, అనంతగిరి వైపు వస్తాయి. వంజంగి ఇంకో దిక్కున, పాడేరు దగ్గర ఉంది. అరకు నుంచి పాడేరు సుమారు 45 కిలోమీటర్లు. లంబసింగి పాడేరు కూడా దాటాక చింతపల్లి మండలంలో ఉంది. వంజంగి, లంబసింగి రెండూ మేఘాలు, మంచు కోసం తెల్లవారుజామున చూడాల్సినవి, కాబట్టి రెంటికీ వేర్వేరు ఉదయాలు కావాలి. ఒక్కరోజే ఉంటే బొర్రా, దారిలో ఒక కాఫీ తోట, పద్మాపురం ఉద్యానవనం. రెండు రోజులుంటే రాత్రి పాడేరులో బస చేసి తెల్లారి వంజంగి ఎక్కండి. లంబసింగి కావాలంటే మూడో రోజు పెట్టుకోండి.

రైలు మేలా, కారు మేలా?

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు. చాలామందికి ఇదే సరిపోతుంది. కొత్తవలస–కిరండూల్ లైను ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించడానికి 1960ల్లో వేసింది. మొత్తం లైనులో 58 సొరంగాలున్నాయి. కిరండూల్ ప్యాసింజరు విశాఖలో పొద్దున్నే బయలుదేరి సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చింది. దానికి టికెట్లు ముందే అయిపోతాయి. దారిలో శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు, అంటే రైలు అరకు కంటే పైకెక్కి మళ్లీ లోయలోకి దిగుతుంది.

రైల్లో వస్తే ఒక్కటే లోటు, దిగాక బండి మాట్లాడుకోవాలి. ఎన్ని చోట్లకు, ఎన్ని గంటలు, ఎంత అన్నది ఎక్కకముందే తేల్చుకోండి.

## ఘాట్ రోడ్డు మీద

ఘాట్‌లో మొదటిసారి నడుపుతున్నాం. ఏం గుర్తుంచుకోవాలి?

ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే గేరులో దిగాలి. చాలామంది దిగుడులో న్యూట్రల్ వేసి, బ్రేకు మీద కాలుంచి వస్తారు. ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ నొక్కినా బండి ఆగదు. వాసన రాగానే వెడల్పైన చోట పక్కకు తీసి, పావుగంట ఇరవై నిమిషాలు ఆపండి. వేడి చక్రం మీద నీళ్లు మాత్రం పోయొద్దు, డిస్కు వంకరపోతుంది.

మలుపుకు ముందే హారన్ కొట్టాలి, మలుపులో కాదు. ఎదురుగా ఎక్కే బండికి దారివ్వడం దిగేవాడి బాధ్యత, ఎందుకంటే ఎక్కుడులో ఆగిన బండిని మళ్లీ కదపడం కష్టం. ఆర్టీసీ బస్సు మలుపు తిరగడానికి మీ వైపు రోడ్డు కూడా కావాలి. ముందున్న మలుపులో బస్సు కనబడితే వెనకే ఆగిపోండి. వాంతులయ్యేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఖాళీ కడుపుతో కాకుండా కొంచెం తినిపించి బయలుదేరదీయండి.

మంచు కమ్మేస్తే ఏం చేయాలి?

హై బీమ్ వేయకండి. మంచు మీద పడిన వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడి ఇంకా ఏమీ కనిపించదు. లో బీమ్, ఫాగ్ లైట్లు, ఎడమ అంచు తెల్లగీత, అంతే. ముందేమీ కనబడకపోతే రోడ్డు మీదే ఆపకుండా పూర్తిగా పక్కకు దిగి ఆగండి. అనంతగిరి, గాలికొండ ప్రాంతంలో పొద్దున ఎనిమిది దాకా ఇలా ఉండొచ్చు. అందుకే రాత్రి ఘాట్ ప్రయాణం పెట్టుకోవద్దంటాం.

పెట్రోలు, నెట్‌వర్కు, డబ్బుల సంగతి?

శృంగవరపుకోటలోనే ట్యాంకు నింపుకోండి. అరకులో బంకు దొరుకుతుంది గానీ మధ్యలో నమ్ముకోవద్దు. అరకు, పాడేరు దాటితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు ముందే ఫోన్‌లో దించుకోండి. సంతలో, జీపుల దగ్గర చిల్లర నోట్లు కావాలి. సిగ్నల్ లేనిచోట ఫోన్ పేమెంట్ ఎలా వెళ్తుంది?

## తోటల్లో

పద్మాపురం గార్డెన్స్‌లో చూడ్డానికి ఏముంది? పెద్దవాళ్లు తిరగగలరా?

1942లో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట ఇది. ఇప్పుడు గులాబీ తోట, పెద్ద చెట్లు, చెట్ల మీద కట్టిన గుడిసెలు, పిల్లల రైలు ఉన్నాయి. అరకు ఊళ్లోంచి ఆటోలో కొద్ది నిమిషాలే. నేల చాలావరకు చదునుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అరకు మొత్తంలో ఇదే తేలికైన చోటు. తిరగలేనివాళ్లు చిన్న రైలెక్కి ఒక చుట్టు వేయొచ్చు. గులాబీలు చలికాలంలోనే బాగుంటాయి. వానాకాలంలో వెళ్లి పూలేవీ అని నిరాశపడొద్దు, ఆ రోజుల్లో అక్కడి చెట్లే అందం.

కాఫీ తోటలోకి దిగి ఫొటోలు తీసుకోవచ్చా? కంచె లేదు కదా!

కంచె లేనంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. గిరిజన రైతుల తోటలకు కంచెలుండవు, పక్కవాడి హద్దు ఏ చెట్టు దగ్గరో వాళ్లకు తెలుసు. సుంకరిమెట్ట దగ్గర చెక్క వంతెనలాంటి సందర్శకుల చోట్లకు టికెట్ తీసుకుని వెళ్లండి. మిగతా చోట్ల మనిషి కనిపిస్తే అడగండి, కనిపించకపోతే రోడ్డు మీద నుంచే చూడండి.

లోపలికి వెళ్లాక కాయలు కోయకండి, జేబులో వేసుకుని ఇంకో తోటకు అసలే తీసుకెళ్లకండి. కాఫీ కాయ తొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతంలో కనిపించింది. ఆడ పురుగు కాయ కొనకు సూదిమొనంత రంధ్రం చేసి లోపలి గింజలో గుడ్లు పెడుతుంది. అది దూరాలు దాటేది ఎక్కువగా మనుషులు మోసుకెళ్లే కాయలు, గోనె సంచుల వల్లే. మీరు సరదాకు తెచ్చిన నాలుగు కాయలు ఒక కుటుంబం ఏడాది పంటకు ఎసరు పెట్టొచ్చు.

కాఫీ పూలు, పళ్లు ఎప్పుడు కనిపిస్తాయి?

మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లు పడ్డాక తొమ్మిది పది రోజులకు కొమ్మల పొడవునా తెల్లగా పూస్తుంది. వాసన మల్లెకు దగ్గరగా ఉంటుంది. మూడు నాలుగు రోజులకే పూలు వాడిపోతాయి. జల్లు ఎప్పుడు పడిందో అక్కడివాళ్లను కనుక్కుని వెళ్తేనే దొరుకుతాయి. పళ్లు నవంబరు నుంచి జనవరి దాకా ఎర్రబడతాయి. ఎర్రవి మాత్రమే ఒక్కొక్కటిగా చేత్తో ఏరాలి, పచ్చికాయ కలిస్తే కాఫీకి వగరు వస్తుంది. కోసినరోజే పైతొక్క తీసి, జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి ఎండబెడతారు. ఒక కిలో శుభ్రమైన గింజకు సుమారు ఆరు కిలోల పళ్లు కావాలి. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

తోటలంతా నిటారుగా ఉన్న ఆ చెట్లేంటి? అడవి చెట్లేనా?

సిల్వర్ ఓక్. పుట్టింది ఆస్ట్రేలియాలో. అరబికా కాఫీ నేరుగా ఎండ తగిలితే ఆకు మాడిపోతుంది, అందుకే నీడ చెట్లు వేస్తారు. సిల్వర్ ఓక్ త్వరగా పెరుగుతుంది, మాను నిటారుగా ఉంటుంది కాబట్టి మిరియాల తీగ పాకడానికి వీలు. ఒకే నేలలో కాఫీ, మిరియం, కలప మూడూ వస్తాయి. రైతుకు లాభమే. కానీ పనస, మామిడి, నేరేడులాంటి స్థానిక చెట్ల నీడలో ఉన్న తోటకూ, ఒట్టి సిల్వర్ ఓక్ తోటకూ తేడా చెవులకే తెలుస్తుంది. మొదటిదాంట్లో పిట్టల సందడి ఎక్కువ.

పసుపు పూల చేలు ఎక్కడుంటాయి? లోపలికి వెళ్తే డబ్బులడుగుతున్నారేం?

అవి వలిసెలు, నూనెగింజ పంట. అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా పూస్తాయి. ఫలానా చోటే ఉంటాయని చెప్పలేం, ఏ ఏడు ఏ రైతు వేస్తే అక్కడ. అరకు, డుంబ్రిగుడ రోడ్ల పక్కన తిరిగితే కనిపిస్తాయి.

రైతు పదో ఇరవయ్యో అడిగితే బేరమాడకండి. వలిసె కాడ పెళుసు, ఒక్కసారి అడుగు పడితే విరుగుతుంది, మళ్లీ లేవదు. గింజ కట్టేది ఆ పువ్వులోనే. మనిషికో నాలుగు ఫొటోల చొప్పున వందమంది దిగితే చేను మధ్య బాట పడుతుంది. గట్టు మీద నిలబడి, కెమెరాను పూల ఎత్తుకు దించి తీస్తే చేలో ఉన్నట్టే వస్తుంది. తేనెటీగలు ఎక్కువగా వాలుతుంటాయి, గట్టి సెంటు పూసుకుని వెళ్లకండి.

## గుహలు, నీళ్లు

బొర్రా గుహల్లో ఎన్ని మెట్లుంటాయి? అమ్మానాన్నలు దిగగలరా?

దిగడం కష్టం కాదు, తిరిగి ఎక్కడమే అసలు పరీక్ష. గుహ నోరు విశాలంగా ఉంటుంది. లోపల మెట్లు, తడి నేల, అక్కడక్కడ ఇరుకు. లోతు సుమారు 80 మీటర్లు ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు మొదటి పెద్ద గది దాకా వెళ్లి, అక్కడే కూర్చుని చూడొచ్చు. అందంలో సగం అక్కడే ఉంది. తోలు చెప్పులు జారతాయి, రబ్బరు అడుగున్న బూట్లు వేయండి. బయట కోతుల బెడద ఉంది, చేతిలో పొట్లాలు పట్టుకుని నడవొద్దు.

గుహలో రాళ్లను ముట్టుకోవద్దంటారెందుకు?

వాన నీరు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాయిని కరిగించి, గుహ కప్పు నుంచి బొట్టుబొట్టుగా కారుతూ ఆ సున్నాన్నే పేరుస్తుంది. పైనుంచి వేలాడేవి, కింద నుంచి లేచేవి అలా పుట్టినవే. మన చేతి జిడ్డు అంటితే ఆ చోట నీరు సరిగ్గా పారదు, సున్నం పేరదు, మచ్చ నల్లబడిపోతుంది. లైట్ల దగ్గర కనిపించే పచ్చని పాచి కూడా మనుషుల వల్ల వచ్చిందే, వెలుగు లేని గుహలో పాచి పెరగదు.

కటికి జలపాతానికి సొంత కారులో వెళ్లొచ్చా?

కారు ఆశ పెట్టుకోవద్దు. బొర్రా దగ్గర్లో బండి పెట్టి, స్థానికుల జీపు మాట్లాడుకుంటారు. దారి రాళ్లమయం, చివర నడక తప్పదు. రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి ఛార్జీ ముందే మాట్లాడండి. సగం రోజు కేటాయించండి. మధ్యాహ్నం రెండు దాటాక బయలుదేరితే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది.

చాపరాయిలో పిల్లల్ని నీళ్లలోకి దించొచ్చా?

అరకు నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, డుంబ్రిగుడ దగ్గర, గెడ్డ నీరు చాప పరిచినట్టున్న బండ మీదుగా పారుతుంది. పేరులోనే ఉంది కదా. చూడ్డానికి చీలమండ లోతు. ప్రమాదం లోతు వల్ల కాదు, పాచి వల్ల. వాలు బండ మీద పాచి పట్టిన చోట కాలు పెడితే జారడం మొదలవుతుంది, పట్టుకోవడానికేమీ ఉండదు, కింద మడుగులోకి తీసుకెళ్తుంది. నల్లగా, ఆకుపచ్చగా మెరిసే బండ మీద నిలబడొద్దు, గరుకుగా బూడిదరంగులో ఉన్నది ఫరవాలేదు. చెప్పులు విప్పి నడిస్తే పట్టు బాగుంటుంది. పిల్లల్ని అంచున కూర్చోబెట్టి కాళ్లు తడుపుకోనివ్వండి, అంతకుమించి వద్దు. వాన పడిన రోజు అదీ వద్దు.

జలపాతం దగ్గర నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయంటారు, ముందే తెలుసుకోవచ్చా?

మీ నెత్తిన ఎండ కాస్తుండగానే పైకొండలో వాన పడుతుంటుంది, ఆ నీరు కాసేపటికి కిందికొస్తుంది. గుర్తులు నాలుగు: తేట నీళ్లు ఎర్రబడతాయి. ఎండాకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తాయి. హోరు మారుతుంది. ఇంతకుముందు పైకి కనిపించిన రాయి మునుగుతుంది. వీటిలో ఒక్కటి కనిపించినా సామాను వదిలేసి, నీళ్లలో దిగిన ఒడ్డు వైపే పైకెక్కండి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే దాటే ప్రయత్నం చేయకండి, నీరు తగ్గేదాకా అక్కడే ఆగండి. మోకాలి లోతు పరుగు నీరు కూడా మనిషిని పడదోస్తుంది.

మడుగుల్లో ఈత గురించి ఒక మాట. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ ధైర్యం చేసి దిగుతారు. జలపాతం కింద నీళ్లలో గాలి నురగ కలిసి ఉంటుంది, అందులో శరీరం తేలదు. అడుగున రాళ్ల సందులుంటాయి. నది ఈత, చెరువు ఈత ఇక్కడ పనికిరావు.

## అడవిలో, కొండల మీద

ట్రెక్కింగ్‌కు అనుమతి కావాలా?

ఊరి బాటల్లో నడవడానికి అక్కర్లేదు. రిజర్వు అడవిలోకి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. బోర్డు, హద్దు రాళ్లు కనిపిస్తే అక్కడే ఆగి దగ్గర్లోని రేంజ్ కార్యాలయంలో అడగండి. ఎక్కడికెళ్లినా పక్క ఊరి మనిషిని వెంట తీసుకెళ్లండి. పశువుల బాటలు ఒకదానిలోంచి ఇంకొకటి చీలుతూ పోతాయి, మ్యాపులో ఉండవు. పైగా ఆయనతో వెళ్తే ఎవరి పొలంలోంచి వెళ్తున్నారో అడిగేవాళ్లుండరు.

టెంట్ వేసుకుని క్యాంప్ ఫైర్ పెట్టుకోవచ్చా?

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమే. రైతు స్థలంలో ఆయన ఒప్పుకుంటే టెంట్ వేసుకోవచ్చు. గెడ్డ ఇసుకలో, ఎండిన వాగు అడుగున వేయొద్దు. మంట నేల మీద కాకుండా ఇనుప తొట్టిలో వేస్తే మంచిది. ఫిబ్రవరి నుంచి మే దాకా మంట ఆలోచనే మానుకోండి, ఎండుటాకుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోసి, చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి పెట్టలేకపోతే ఆరనట్టే.

పక్షులు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

అరకు ఊళ్లో కాదు, దారిలోనే ఉన్న టైడాలో ఆగండి. విశాఖ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. పర్యాటక శాఖ విడిది ఉంది కాబట్టి రాత్రి ఉండి, ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా రోడ్డు పక్కనే నెమ్మదిగా నడిస్తే చాలు. పడమటి కనుమల్లో ఎక్కువగా కనిపించే మలబార్ ట్రోగన్, మనిషి ఈల వేసినట్టే పాడే మలబార్ విజిలింగ్ థ్రష్ ఇక్కడా ఉన్నాయి. ఈశాన్య భారతంలో ఎక్కువగా ఉండే అబాట్స్ బాబ్లర్ కూడా ఈ కొండల్లో దొరుకుతుంది. ఈ రెండు చివరల పక్షులూ ఒకేచోట కలవడమే తూర్పు కనుమల ప్రత్యేకత. కొండ గోరింకలు, పెద్ద చెట్ల మీద బెట్టుడుతలు కనిపిస్తే అదనం. ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవకండి. గూడు కట్టే కాలంలో అది శత్రువనుకుని గుడ్లొదిలి వస్తుంది.

ఎలుగుబంట్లు, పాముల భయం ఉందా?

అడవిలో ఎలుగుబంట్లున్నాయి. తెల్లవారుజామున, మునిమాపు వేళ ఒంటరిగా నడవకుండా, మాట్లాడుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. పాము కాటుకు కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏవీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే దొరికిన బండిలో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వంజంగిలో మేఘాలు తప్పకుండా కనిపిస్తాయా?

గ్యారంటీ లేదు. ముందురోజు వాన పడి నేల తడిసి, రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకపోతే లోయలో గాలి చల్లబడి మంచు పేరుకుంటుంది. కొండ మీద నిలబడితే కాళ్ల కింద తెల్లని సముద్రంలా కనిపించేది అదే. గాలి వీస్తే చెదిరిపోతుంది. మబ్బు పట్టిన రాత్రైతే మీరే మబ్బులో ఉంటారు. పాడేరు నుంచి తెల్లవారుజామున నాలుగింటికల్లా బయలుదేరాలి, చివరి మెట్ట కాలినడకే. టార్చి, మంచినీళ్లు, తిన్న కవర్లు వెనక్కి తేవడానికి ఒక సంచి తీసుకెళ్లండి.

కొన్ని కొండలు బోడిగా ఉన్నాయేం? ఎవరు నరికారు?

పోడు వల్లే అని ఒక్కమాటలో తేల్చేస్తారు, పూర్తి నిజం కాదు. పోడులో వాలు మీద చెట్లు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు చోళ్లు (రాగులు), సామలు పండించి, ఆ నేలను ఏళ్ల తరబడి వదిలేసేవారు. అడవి తిరిగి లేచేది. నేల తగ్గి, జనం పెరిగి, వదిలేసే ఏళ్లు తగ్గిపోవడంతో అడవి తేరుకోవడం మానేసింది. కలప నరుకుడు, రోడ్లు, గనులూ తమ వంతు చేశాయి. పోడుకు బదులు ఆదాయం చూపించాలనే ఇక్కడ కాఫీని ప్రోత్సహించారు. ఇప్పుడు పచ్చగా కనిపించే చాలా వాలులు అలా తోటలైనవే.

డ్రోన్ ఎగరేయొచ్చా?

250 గ్రాములు దాటితే ప్రభుత్వం దగ్గర డ్రోన్ నమోదు తప్పనిసరి. ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో చూసుకోవాలి. ఏజెన్సీలో (గిరిజన ప్రాంతంలో) స్థానిక పోలీసు స్టేషనుకు ముందే చెప్పడం మీకే మంచిది. ఇళ్ల మీద, స్నానాల రేవుల మీద ఎగరేయొద్దు.

## కొని తెచ్చుకునేవి, తిరిగొచ్చాక

సంతలో ఏం కొనొచ్చు?

చోళ్లు, సామలు, రాజ్‌మా, పసుపు, మిరియాలు, చింతపండు, అడ్డాకుల విస్తళ్లు. తేనె, కాఫీపొడి గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి. 1956 నుంచి ఉన్న సంస్థ అది. రోడ్డు పక్క ‘అడవి తేనె’ సీసాల్లో బెల్లం పాకం ఎంతో చెప్పలేం. అడవి నుంచి తెచ్చిన ఆర్కిడ్‌లు ఎవరైనా అమ్మజూపితే కొనకండి. చెట్టు కొమ్మ మీద బతికే మొక్క మీ బాల్కనీలో వేసవి దాటదు.

అక్కడి మనుషుల్ని, థింసా నృత్యాన్ని ఫొటో తీయొచ్చా?

అడిగి తీయండి. వద్దంటే వద్దనే. సంతకు వచ్చిన ముసలమ్మ ముక్కుపోగు కోసం ముఖంలోకి కెమెరా పెట్టడం ఎక్కడైనా తప్పే. విడిదుల్లో ఆడే థింసాకు డబ్బు కట్టి చూస్తారు, అక్కడ ఇబ్బంది లేదు.

అరకు నుంచి గులాబీ, కాఫీ మొక్కలు తెచ్చి ఇంట్లో పెంచొచ్చా?

గులాబీ బతుకుతుంది, కాస్త జాగ్రత్తగా. వేసవిలో కొనొద్దు, జూలై తర్వాత తెండి. వేళ్ల మట్టి ఉండను తడి గోనెతో చుట్టి, కారు డిక్కీలో కాకుండా సీటు కింద పెట్టండి. ఇంటికొచ్చాక మొగ్గలన్నీ తుంచేసి, పది రోజులు సగం నీడలో ఉంచి, ఆ తర్వాతే కుండీ మార్చండి. వచ్చినరోజే కుండీ మార్చి ఎండలో పెడితే ఆకు రాలిపోతుంది. అంటు కింది నుంచి లేచే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయండి, లేకపోతే అసలు గులాబీ చచ్చి అడుగు మొక్క మిగులుతుంది.

కాఫీ వేరే కథ. హైదరాబాదు, విజయవాడ ఎండకు అరబికా ఆకు అంచులు మాడతాయి. నీడలో కుండీలో అందానికి పెంచుకోవచ్చు, గింజల ఆశ వద్దు. మిరియం తీగ మాత్రం విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో కొబ్బరి నీడన బాగానే వస్తుంది.

అరకులో చిన్న స్థలం కొని తోట వేసుకోవచ్చా? అమ్ముతామని ఫోన్లు వస్తున్నాయి.

గిరిజనేతరులకు కుదరదు. ఇది గిరిజన ప్రాంతాలకు రక్షణ కల్పించే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికొచ్చే ప్రాంతం. 1959 భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక (దీన్నే 1/70 చట్టం అంటారు) గిరిజనుల నుంచే కాదు, ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడు కొన్నా అది చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, కౌలు, దానం అన్నీ అందులోకే వస్తాయి. ‘పేరు ఆయనది, తోట మీది’, ‘99 ఏళ్ల లీజు’, ‘నోటరీ కాగితం’ అన్నీ ఒకే గోతిలోకి దారులు. డబ్బు పోతుంది, కోర్టులో అడిగే హక్కూ ఉండదు.

ఈ చట్టం బలమెంతో బొర్రా పరిసరాల్లోనే తేలింది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద గిరిజన హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది.

తిరిగొచ్చిన పది రోజులకు జ్వరం వచ్చింది. టూర్‌కూ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. ఏజెన్సీలో మలేరియా ఉంది, వానాకాలంలో మరీ ఎక్కువ. దోమ కుట్టాక ఏడు నుంచి పద్నాలుగు రోజులకు జ్వరం మొదలవడం మామూలు, కొన్ని రకాల్లో నెలలు కూడా పట్టొచ్చు. చలి, వణుకు లేకపోయినా సరే, డాక్టరుకు ‘అరకు వెళ్లొచ్చాం’ అని ముందు చెప్పి, అదేరోజు రక్తపరీక్ష చేయించండి. పట్నం డాక్టరుకు మీరు చెప్పకపోతే వైరల్ జ్వరమని రెండు రోజులు ఆగే ప్రమాదం ఉంది. ఫాల్సిపారం రకం మెదడుకు ఎక్కడానికి ఆ రెండు రోజులు చాలు. ఒకసారి లేదని వచ్చి, జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. వెళ్లేటప్పుడైతే సాయంత్రం ఐదు తర్వాత పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, పడుకునేటప్పుడు తెర.